ఏడు నిమిషాల పని

ఆ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమెను అందరూ తాళంచెవి అనేవాళ్ళు. ముఖం మీద కాదు లెండి. ముఖం మీద మేడమ్ అనీ, వయసులో చిన్నవాళ్ళైతే అక్కా అనీ పిలిచేవాళ్ళు. వెనక మాత్రం తాళంచెవే. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. మొదట్లో ముచ్చటపడింది కూడాను. తాళంచెవి బతుకెలా ఉంటుందో అప్పటికింకా తెలియదు పాపం. అది ఎక్కడుండాలో ఇంకొకరు చెబుతారు, కాసేపు కనపడకపోతే ఇల్లంతా గోల.

ఆమె పని తెలియాలంటే ముందు ఆ గది తెలియాలి. రెండో అంతస్తులో, కిటికీ అన్నది లేని గది. లోపల మనిషెత్తు ఇనప బీరువాలు పద్నాలుగు, రెండు వరసల్లో నిలబడి ఉంటాయి. అన్నిటినీ కలిపి స్విచ్ అంటారు. ఊళ్ళో ఎవరు ఎవరికి ఫోన్ చేసినా అందులోంచే కలవాలి. యంత్రానికి వేడి పడదని గదంతా చల్లటి గాలి కొడుతూనే ఉంటుంది. మనుషులకు చలి పడుతుందా లేదా అన్నది ఎవరూ అడగలేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతున్న రోజున కూడా ఆమె స్వెట్టరు తొడుక్కుని, ఊలు మేజోళ్ళు వేసుకుని లోపలికి వెళ్ళేది.

మూల బల్ల మీద ఒక బూడిదరంగు పెట్టె. అరచేతికన్నా కాస్త పెద్దది. అదే మోడెమ్. ఒకవైపు ఫోన్ తీగ, రెండోవైపు స్విచ్‌కి వెళ్ళే లావుపాటి కేబులు. స్విచ్‌కి ఇక్కడివాళ్ళకు అంతుపట్టని జబ్బు చేసినప్పుడు, దాన్ని తయారుచేసిన కంపెనీ నిపుణుడు వందల మైళ్ళ అవతల తన కుర్చీలోంచి కదలకుండా ఆ మోడెమ్‌కి ఫోన్ చేస్తాడు. ఆ తీగ గుండా స్విచ్ లోపలికి వచ్చి, బాగుచేసి, వచ్చిన దారినే పోతాడు. ఆయన ముఖం ఎవరూ చూడలేదు. ఎక్స్ఛేంజిలో ఆయన పేరు దూరపాయన.

అయితే అలా తలుపు బార్లా తీసి ఉంచితే దూరపాయనతోపాటు దొంగ కూడా రావచ్చు కదా. అందుకని ఒక నియమం పెట్టారు. మోడెమ్ ఎప్పుడూ ఆపే ఉండాలి. దూరపాయన ముందు మామూలు ఫోన్ చేసి ఆనాటి రహస్యపు మాట చెప్పాలి. అప్పుడు ఇక్కడి మనిషి మోడెమ్ వేసి, ఆయన లోపలున్నంతసేపూ తెర ముందు కూర్చుని ఏం చేస్తున్నాడో చూడాలి. ఆయన వెళ్ళగానే ఆపేసి, రిజిస్టరులో రాయాలి. దూరంగా ఉన్నవాడు రానక్కర్లేదని కనిపెట్టిన పరికరం అది. దానివల్ల దగ్గరున్న మనిషి కదలడానికి లేకుండా పోయింది. ఆ మనిషి ఆమే. ఆమె ఒక్కతే.

ఒక్కతే ఎందుకన్నదే ఈ కథ.

ఆపేసిన మోడెమ్‌ని మళ్ళీ వేస్తే దానికి గతం గుర్తుండదు. పుట్టిన రోజున ఎలా ఉందో అలా లేస్తుంది. ఫోన్ మోగినా ఎత్తదు. కాబట్టి ప్రతిసారీ ఆమె కేబులు చివరనున్న రెండు బుల్లి మరలు విప్పి, దాన్ని స్విచ్ నుంచి ఊడదీసి, తెరా కీబోర్డూ ఉన్న తన టెర్మినల్‌కి తగిలించేది. ఒక వరస టైపు చేసేది. ఇరవై మూడు అక్షరాలూ అంకెలూ. మొదటి గంటకే ఎత్తు, ఇంత వేగంతో మాట్లాడు, నీ సొంత మాటలు స్విచ్‌కి వినిపించకుండా నోరు మూసుకో, ఇదీ ఆ వరసకు అర్థం. తరవాత కేబులు మళ్ళీ స్విచ్‌కి బిగించేది. మొత్తం ఏడు నిమిషాలు. ఆ వరస ఏ కాగితం మీదా లేదు, ఆమె తలలోనే ఉంది. మోడెమ్‌తో వచ్చిన పుస్తకం ఆమె సొరుగులో, సొరుగు తాళం ఆమె కొంగున.

"దీనికి జ్ఞాపకం నిలవదండీ. చేతినేర్పు ఉండాలి," అని చెప్పేది ఎవరడిగినా. నిలవకపోవడం శుద్ధ అబద్ధం. ఆ వరస చివర ఇంకో రెండు గుర్తులు కొడితే, మోడెమ్ అంతా శాశ్వతంగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరవాత మీట వేస్తే చాలు, అర నిమిషంలో సిద్ధం. కాపలావాడు కూడా వెయ్యగలడు.

పదకొండేళ్ళ కిందట స్విచ్ అమర్చిన ఇంజినీరు ఈ సంగతి ఆమెకు చెప్పే వెళ్ళాడు. "చివర ఈ రెండూ కొట్టడం మర్చిపోకండి మేడమ్," అన్నాడు. ఆమె కొట్టబోయింది కూడా. ఇంతలో కింద నోటీసు బోర్డు దగ్గర కేకలు వినపడ్డాయి. కొత్త యంత్రం వచ్చింది గనక, చేత్తో ఫోన్లు కలిపే నలభై మందిలో తొమ్మిదిమందే మిగులుతారని జాబితా అంటించారు. ఆమె పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంది. నిన్నటిదాకా తన పక్క కుర్చీలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న స్నేహితురాలు మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది. అప్పుడే ఆఫీసరు పైకొచ్చి, "ఈ డబ్బా సంగతి ఎవరికి తెలుసు?" అని అడిగాడు. ఆమె చెయ్యెత్తింది. "నాకే తెలుసు సార్. ప్రతిసారీ చేత్తో అమర్చుకోవాలి," అంది. అలా అని కాగితం మీద రాసి సంతకం పెట్టింది. దాని కింద ఆఫీసరు చూడకుండానే తనదీ గీకాడు. ఆ రెండు గుర్తులు ఆ రోజు కొట్టలేదు, మరి కొట్టనే లేదు.

అందుకు ఆమెను తిట్టాలనిపిస్తే తిట్టండి. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికితే అది ఎవరి గడ్డివామిలోదని అడుగుతాడా?

ఉద్యోగం నిలిచింది. గౌరవం కూడా వచ్చింది. ఆమె సెలవడిగితే ఆఫీసరు రెండు చేతులూ జోడించేవాడు. "మీరు లేకపోతే నా కొంప కొల్లేరవుతుంది మేడమ్!" ఆ మాట విన్న రోజున ఇంటికెళ్ళి భర్తకు మూడుసార్లు చెప్పుకుంది. నాలుగోసారి ఆయనే, "తెలిసింది, తిండి పెడతావా?" అన్నాడు.

తరవాత్తరవాత తెలిసింది అసలు రుచి. బయటికెళ్ళాలంటే గేటు దగ్గరున్న పలక మీద ఎక్కడికి వెళుతున్నదీ, అక్కడి ఫోన్ నంబరూ రాసి వెళ్ళాలి. నంబరు లేకపోతే వెళ్ళడానికి లేదు. ఫోన్ లేని ఇంటికి ఆమె పదకొండేళ్ళుగా వెళ్ళలేదు. సొంత మేనత్త మంచాన పడితే, పక్కవీధి మందుల దుకాణం నంబరు రాసి, ఆ దుకాణం అరుగు మీదే కూర్చుని కబురు తెలుసుకుంది. అత్తయ్య చివరి చూపు అలాగే దక్కకుండా పోయింది.

భర్త వెల్డరు. మూడో ఏడు ఆయనకు రేవుపట్నంలో ఓడల మరమ్మతు యార్డులో పని దొరికింది. బస్సులో ఎనిమిది గంటల దూరం. "నువ్వూ బదిలీ పెట్టుకో, ఆర్నెల్లలో వచ్చేస్తావు," అన్నాడాయన. పెట్టుకుంది. తిరిగొచ్చింది. దాని మీద ఒకే వాక్యం: ఈమె లేనిదే దూర సహాయం సాధ్యం కాదు. ప్రతి ఏడూ పెట్టుకుంది, ప్రతి ఏడూ అదే వాక్యంతో తిరిగొచ్చింది. ఒకప్పుడు మూడుసార్లు చెప్పుకుని మురిసిపోయిన మాటే అది, ఇప్పుడు టైపు కొట్టి, ముద్ర వేసి వస్తోంది.

కూతురు మొదట్లో ఆమె దగ్గరే ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం, బడి వదిలే వేళకు అరగంట ముందు స్విచ్ మొండికేసింది. దూరపాయన లోపలికొచ్చాడు. పది నిమిషాల్లో అయిపోతుందన్న పని రెండున్నర గంటలు సాగింది. ఆయన లోపలుండగా ఆమె తెర ముందునుంచి లేవకూడదు. ఒక్కో నిమిషమూ గోడ గడియారంలోకి చూస్తూ చేతులు నలుపుకుంటూ కూర్చుంది. ఊరందరి ఫోన్లూ కలిపే యంత్రం ముందు కూర్చుని కూడా, బడిలో ఫోన్ లేక, ఒక్క మాట చేరవెయ్యలేకపోయింది. చివరికి పరుగెత్తుకెళితే బడి గేటుకు తాళం పడింది. ఐదేళ్ళ పిల్ల సంచీ మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. "దూరపాయన వచ్చాడా అమ్మా?" అంది. ఆ మాటతో ఆమె గుండె చెరువైంది. ఆ నెలాఖరుకే భర్త వచ్చి పిల్లను రేవుపట్నం తీసుకుపోయాడు. అక్కడ ఆయన అక్కగారు ఉంది, వండిపెడుతుంది, బడి దగ్గర నిలబడుతుంది. ఆడపడుచు మంచిదే. మంచిది కావడంవల్ల తిట్టుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

అప్పటినుంచి ఆమె మూడు నెలలకోసారి రెండు రోజుల సెలవు మీద వెళ్ళొచ్చేది. గుమ్మంలో అడుగుపెట్టగానే పిల్ల మొదటి మాట, "ఎన్ని రోజులమ్మా?" ఆమె జవాబు, "రెండు." ఫోన్‌లో వస్తున్నానని చెప్పినా అంతే. ఎన్ని రోజులు? రెండు. ఏడేళ్ళు. పిల్లకు ఇప్పుడు పన్నెండు.

మరి ఆ రెండు గుర్తులు కొట్టేసి బయటపడొచ్చు కదా అంటారు. ఒడ్డున ఉన్నవాళ్ళకు అలాగే కనిపిస్తుంది. కొడితే, పదకొండేళ్ళుగా జ్ఞాపకం నిలవదని రాస్తూ వచ్చిన కాగితాల మాటేమిటి? అబద్ధమాడి ఉద్యోగం నిలబెట్టుకుందని ఆ ఉద్యోగమే తీసేస్తే? కుడితిలో పడ్డ ఎలుకలా ఆ చల్లగదిలో తిరిగింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆమె దాన్ని తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఆ వరస తీసేస్తే తనలో ఏం మిగులుతుందన్న భయం.

ఆ ఏడు మాత్రం అనుకోనిది జరిగింది. బదిలీ మంజూరైంది. రేవుపట్నం ఎక్స్ఛేంజికి. ఒకే షరతు: ఈమె పని ఇంకొకరికి అప్పగించి, వాళ్ళు చెయ్యగలరని పరీక్షలో తేలాక పంపాలి. నెలాఖరులోగా తేలకపోతే ఉత్తర్వు రద్దు. ఆపైన బదిలీలు మూడేళ్ళదాకా ఆపేస్తున్నారని కూడా కింద రాసి ఉంది. మూడేళ్ళకు పిల్లకు పదిహేను. అప్పటికి అమ్మ ఎన్ని రోజులుంటుందో అడిగే తీరిక కూడా ఆ పిల్లకు ఉండదు.

పని నేర్చుకోవడానికి మూతపడ్డ ఇంకో ఎక్స్ఛేంజి నుంచి ఒక పెద్దాయన్ని పంపారు. యాభై ఆరేళ్ళు. మందపాటి కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఇక్కడ పనికిరాడని తేలితే వీధుల్లో కేబులు గోతుల్లోకి దింపుతామని ఆయనకు ముందే చెప్పారట. ఆయన మోకాళ్ళకు అది అయ్యే పని కాదు.

"నాకు కాస్త నిదానం అమ్మాయ్. ఒకటికి రెండుసార్లు చెప్పు, విసుక్కోకు," అన్నాడు మొదటిరోజే.

"అదేం మాట బాబాయ్‌గారూ, పదిసార్లు చెబుతాను," అంది ఆమె.

చెప్పింది. ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే ఆయన చిన్న పుస్తకంలో గుండ్రంగా రాసుకున్నాడు. నోరు మూసుకో అని మోడెమ్‌కి చెప్పే ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆమె నాలుక దాన్ని దాటేసి ముందుకు పోయింది. మర్చిపోయాననుకుంది. నిజంగా మర్చిపోయాననే అనుకుంది.

ఆ ముక్క లేకపోతే ఏమవుతుందంటే, ఫోన్ మోగినప్పుడల్లా మోడెమ్ మోగుతోంది మోగుతోంది అని కేబులులో వాగుతుంది. ఆ కేబులు రెండో కొసనున్న స్విచ్‌కి ఆ వాగుడు ఎవరో తప్పు మాటలు చెప్పి లోపలికి రాబోతున్నట్టు వినిపిస్తుంది. మూడు తప్పులు కాగానే అరగంటపాటు తలుపు మూసేసుకుంటుంది. మొదటి పరీక్షలో అదే జరిగింది. పెద్దాయన వరసంతా పొల్లుపోకుండా కొట్టాడు. దూరపాయన ఫోన్ చేశాడు. స్విచ్ తలుపు మూసుకుంది. వెనక నిలబడ్డ ఆఫీసరు నాలుక చప్పరించి వెళ్ళిపోయాడు.

"ఎక్కడో అక్షరం తప్పు కొట్టుంటాను," అన్నాడు పెద్దాయన నుదురు తుడుచుకుంటూ. ఆ చలిగదిలో ఆయనకు చెమట పట్టింది.

రెండో పరీక్ష నాటికి మర్చిపోయాననే సాకు లేదు. ఆయన పుస్తకంలోని వరస ఆమె కళ్ళ ముందే ఉంది, అందులో లేని ముక్క కొట్టొచ్చినట్టు కనబడుతోంది. నోరు తెరిచి చెబితే చాలు, రేవుపట్నం బస్సెక్కొచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఆ తరవాత ఎన్నిసార్లు తనను తాను నిలదీసుకుందో లెక్కలేదు. పదకొండేళ్ళు బిగించిన పిడికిలి, విప్పుదామన్నా వేళ్ళు మాట వినలేదు. అంతకుమించి జవాబు దొరకలేదు. రెండోసారీ స్విచ్ తలుపు మూసుకుంది.

"ఈయనవల్ల అయ్యేట్టు లేదు మేడమ్," అన్నాడు ఆఫీసరు, పెద్దాయన అక్కడే ఉన్నాడన్న ఇంగితం కూడా లేకుండా. "ఎల్లుండి ఆఖరి పరీక్ష పెడదాం. నెలకి అదే ఆఖరు. తరవాత మీ అదృష్టం." గొంతులో విచారం కన్నా ఊరటే ఎక్కువ వినపడింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె భోజనాల గదిలోకి వెళ్ళేసరికి పెద్దాయన వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నాడు. క్యారేజీ మూత కూడా తియ్యలేదు. ఎదురుగా ఒక అట్టముక్క. దాని మీద పెన్నుతో కీబోర్డు మొత్తం గీసుకున్నాడు. ఒక్కొక్క మీటా గళ్ళు గీసి, అక్షరాలు దిద్ది. దాని మీద రెండు వేళ్ళతో ఆ వరసను కొడుతున్నాడు. కొట్టి, పుస్తకంలో చూసుకుని, మళ్ళీ మొదటినుంచి. అట్ట మధ్యలో అక్షరాలు అప్పటికే చెరిగిపోయాయి.

ఆమెను చూసి సిగ్గుపడ్డాడు. "ఇంటి దగ్గర కూడా ఇదే పనమ్మాయ్. మా ఆవిడ నవ్వుతోంది, ముసలితనంలో హార్మోనియం నేర్చుకుంటున్నారా అని. ఎక్కడ తప్పుతున్నానో అర్థం కావడం లేదు. నావల్ల నీ ప్రయాణం ఆగిపోయేలా ఉంది. ఏమీ అనుకోకు తల్లీ."

ఆమె అక్కడ నిలబడలేకపోయింది. తన బతుకు తాను పాడుచేసుకోవడం ఒక ఎత్తు. ఏ పాపమూ ఎరగని మనిషి తన వేళ్ళను తాను తిట్టుకుంటుంటే చూడటం ఇంకో ఎత్తు. మెట్లెక్కి నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్ళి, కూర్చోమనకుండానే కూర్చుంది. ఏదీ దాచకుండా చెప్పింది. దాటేసిన ముక్క, కొట్టని రెండు గుర్తులు, జాబితా అంటించిన రోజు, అన్నీ.

"ఇంతేనా?" అన్నాడు ఆఫీసరు.

"ఇంతే సార్."

"ఈ రెండు గుర్తుల కోసం పదకొండేళ్ళా?"

ఆమె తలొంచుకుంది. అరుస్తాడనుకుంది. అరవలేదు. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. అప్పుడే ఆమెకు భయం వేసింది.

"ఆ కాగితాల కింద ఎవరి సంతకం ఉందో తెలుసా? నాది. ప్రతి ఏడూ నేను పరీక్షించి చూశాననే రాశాను. మీ మాట నమ్మి ఒక్కసారి కూడా చూడలేదు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నాను మేడమ్. ఇప్పుడు మీరు సత్యహరిశ్చంద్రుడి చెల్లెలి అవతారం ఎత్తకండి."

"మరి నా బదిలీ?"

"ఎల్లుండి... కాదు, రేపటి పరీక్ష కూడా మామూలుగానే కానివ్వండి. పెద్దాయన తప్పుతాడు, ఉత్తర్వు రద్దవుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. మూడేళ్ళు ఎంతలో పోతాయి చెప్పండి? పదకొండు పోలేదూ?"

తిలాపాపం తలా పిడికెడు. ఆయన పిడికెడు ఆయన దాచుకుంటున్నాడు, అందుకు ఆమె తలుపు మూసే ఉండాలి. తన అబద్ధానికి తానొక్కతే కాపలా అనుకుందిన్నాళ్ళూ. బయట ఇంకో తాళం కూడా వేసి ఉందని ఆ గదిలోంచి వచ్చాక తెలిసింది.

మర్నాడు పదకొండు గంటలకు ముగ్గురూ ఆ చల్లగదిలో ఉన్నారు. ఫోన్ మోగింది. దూరపాయన ఆనాటి మాట చెప్పాడు. పెద్దాయన కేబులు మరలు విప్పి, టెర్మినల్‌కి తగిలించి, పుస్తకం తెరిచాడు. ఆఫీసరు ఆమె వైపే చూస్తున్నాడు.

"బాబాయ్‌గారూ, పుస్తకం మూసెయ్యండి," అంది ఆమె. "నేను చెబుతాను, కొట్టండి."

చెప్పింది. నోరు మూసుకో అన్న ముక్క దగ్గర ఆగి, ఈసారి దాటెయ్యకుండా చెప్పింది. పెద్దాయన వేలు గాల్లో ఆగిపోయింది. "ఇది నా పుస్తకంలో లేదే?" అన్నాడు.

"లేదు. నేనే చెప్పలేదు. మీ తప్పు ఎప్పుడూ లేదు. కొట్టండి."

కొట్టాడు. "ఇప్పుడు ఈ రెండు గుర్తులు," అంది.

"మేడమ్," అన్నాడు ఆఫీసరు.

"కొట్టండి బాబాయ్‌గారూ."

కొట్టాడు. తెర మీద సరేనన్నట్టు చిన్న జవాబు వచ్చింది. అంతే. పిడుగు పడలేదు, పైకప్పు కూలలేదు. కేబులు స్విచ్‌కి బిగించమని, మోడెమ్ ఆపి మళ్ళీ వెయ్యమని చెప్పింది. మీట పడింది, ఎర్రదీపాలు వెలిగాయి. ఫోన్ మోగగానే మోడెమ్ ఎత్తింది, ఈల వేసింది, దూరపాయన లోపలికి వచ్చాడు. మోడెమ్ ఆపించి, ఆయన్ని ఫోన్‌లో ఇంకోసారి రమ్మంది; ఈసారి మొత్తం అర నిమిషం. ఆమె చేతులు అలవాటుగా కేబులు కోసం బల్ల మీదికి వెళ్ళి, చెయ్యడానికేమీ లేక అక్కడే ఉండిపోయాయి.

తరవాత ఆమె రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. పేజీలకు అచ్చు నంబర్లున్న రిజిస్టరు అది, చింపడానికి లేదు. సిరాతో రాసింది. "ఈ రోజు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మోడెమ్ అమరికను జ్ఞాపకంలో భద్రపరిచాము. ఇకపై మీట వేస్తే చాలు. ఇది పదకొండేళ్ళ కిందటే చెయ్యవలసింది. తెలిసీ చెయ్యనిది నేను." సంతకం పెట్టి తేదీ వేసింది. ఆఫీసరు చదివి, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "నన్ను కూడా ముంచేశారు కదండీ," అన్నాడు. ఆమెకు జాలి కలిగింది, అయినా చేసినదానికి చింత కలగలేదు.

విచారణ తప్పదు, జీతంలో కోత పడుతుంది, పై ఆఫీసునుంచి నానా మాటలూ వస్తాయి. కానీ ఆమెను ఆపడానికి ఇక కారణం లేదు. ఆమె లేనిదే సాధ్యం కానిదేదీ ఆ గదిలో మిగల్లేదు. పెద్దాయన మాత్రం అట్ట కీబోర్డును సంచీలోంచి తీసి, రెండుగా మడిచి, మళ్ళీ సంచీలోనే పెట్టుకున్నాడు. ఆమె క్షమాపణ అడిగితే, "రెండు రోజులు నిద్రపోలేదమ్మాయ్," అన్నాడు. ఆ మాటే ఆమెకు పడాల్సిన శిక్ష.

పని ముగించాక దూరపాయన మామూలు ఫోన్ చేశాడు. "రెండోసారి అర నిమిషమే పట్టిందేం మేడమ్?"

"జ్ఞాపకంలో భద్రపరిచాం."

"మంచిది," అన్నాడు. "మీరు వెళ్ళిపోతున్నారన్నమాట."

"మీకెలా తెలుసు?"

"నేను రెండొందల ఎక్స్ఛేంజీలకు ఫోన్ చేస్తాను. అన్నిచోట్లా అర నిమిషం, మీ దగ్గరే ఏడు నిమిషాలు. రెండో ఏడే అర్థమైంది."

తొమ్మిదేళ్ళు. బడి గేటు ముందు పిల్ల కూర్చున్న రోజున కూడా ఈయనకు తెలుసు. "మరి ఒక్క మాట అనకపోయారా?"

"మీకు అదే కావాలేమో అనుకున్నాను మేడమ్. ఒకరి పొట్ట కొట్టడం ఎందుకని..." అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

రిసీవరు పెట్టేసింది. ఏడుపు రావాలి, రాలేదు. తలుపు తీసే ఉందని ఇంకొకరికి కూడా తెలుసు. చెప్పడం మొరటనుకుని ఊరుకున్నాడు. ఆయన్ని తిట్టుకోవడానికీ వీల్లేదు. ఆడపడుచులాగే ఆయనా మంచివాడే.

సాయంత్రం గేటు దగ్గర పలక మీద ఏమీ రాయకుండా, కింద వరండాలోని ఫోన్ నుంచి రేవుపట్నం ఇంటికి చేసింది. పిల్లే ఎత్తింది. వెనక రేడియో మోగుతోంది, ఆడపడుచు ఏదో కేకేస్తోంది.

"అమ్మా, నువ్వా? త్వరగా చెప్పు, పక్కింటమ్మాయి ఫోన్ చేస్తానంది."

"ఆదివారం వస్తున్నానమ్మా."

"ఎన్ని రోజులు?"

"రెండు," అంది.

తాను అనలేదు, నోరే అనేసింది. ఏడేళ్ళుగా ఆ ప్రశ్నకు అదొక్కటే జవాబు మరి.

"సరేలే," అంది పిల్ల, మామూలుగా. ఫోన్ పెట్టేసింది.

"కాదే, కాదు, విను..." అంది ఆమె, ఎవరూ లేని తీగలోకి. వెంటనే మళ్ళీ నంబరు తిప్పింది. ఎంగేజ్. పక్కింటమ్మాయి అందుకుంది కాబోలు. ఇంకోసారి తిప్పింది. ఎంగేజ్. కాపలావాడు గేటు సగం మూసి, "వెళ్ళట్లేదా అక్కా?" అని అడిగాడు. ఆమె వెళ్ళొచ్చు. ఎవరూ ఆపడం లేదు. రిసీవరు చెవికి ఆనించుకుని మళ్ళీ మొదటి అంకె నుంచి తిప్పడం మొదలుపెట్టింది.